పాటతో ఫ్యాక్టరీ తెరుచుకుంటదా?

పద్యాలతో నిజాం దిగిపోలేదు, పాటలతో షుగర్ ఫ్యాక్టరీ తెరుచుకోలేదు. నిజామాబాద్‌లో నాలుగు పుస్తకాలు చదివినవాళ్ల నోట ఈమధ్య తరచుగా వినపడుతున్న మాట ఇది. జూలై 22న కవి దాశరథి జయంతి సభలో దండ వేసినవాళ్లే బయటికొచ్చి చాయ్ తాగుతూ ఈ మాట అంటారు. బోధన్‌లో అయితే అంత మాట కూడా అక్కర్లేదు, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గేటు వైపు చెయ్యి చూపిస్తే చాలు. కళను ప్రతిఘటన అనడం ఓడినవాళ్లు చెప్పుకునే ఊరట, గెలిచినవాళ్లు పెట్టుకునే నగ, అంతకుమించి ఏమీ లేదన్నది ఈ వాదం సారం.

దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ముందు దాని బలమంతా చెబుతాను.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి అడుగుపెట్టింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ ఐదు రోజుల లెక్కలో పద్యానికి చోటెక్కడ? జర్మనీ సంగతి ఇంకా ఘోరం. జాన్ హార్ట్‌ఫీల్డ్ ఫొటోలు కత్తిరించి అతికించిన చిత్రాలు, జార్జ్ గ్రోస్ కార్టూన్లు, కేథే కోల్విట్జ్ అచ్చుబొమ్మలు, బ్రెహ్ట్ నాటకాలు, ఇవిగాక బెర్లిన్ నిండా కాబరేలు. ఒక నాయకుణ్ణి అంతమంది కళాకారులు, అంత ప్రతిభతో ఎండగట్టిన దేశం ఇంకోటి కనపడదు. ఆ దేశమే హిట్లర్ చేతికి చిక్కింది. 1961లో లండన్‌లో వ్యంగ్య ప్రదర్శనల క్లబ్బు తెరిచిన పీటర్ కుక్, హిట్లర్‌ను ఆపడంలో అంత గొప్పగా తోడ్పడిన బెర్లిన్ కాబరేలే మాకు ఆదర్శమని జోకేశాడు. దానికి ఇప్పటికీ నవ్వుతారు. చివరికి బెర్లిన్‌ను పట్టింది ఎర్రసైన్యం తప్ప ఏ చిత్రకారుడూ కాదు.

ఆ తర్వాత ఏమైంది? ఎదిరించిన కవికి విగ్రహం వచ్చింది, పేరుమీద అవార్డు వచ్చింది. ఎవర్ని ఎదిరించాడో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లే ఆ అవార్డు ఇస్తున్నారు. ఇక మన కళ్లముందు ఉన్న సాక్ష్యం: పాటతో రాష్ట్రం తెచ్చుకున్నామని చెప్పుకున్న గడ్డమీదే, రాష్ట్రం వచ్చిన ఏడాదిన్నరకు బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. ఇన్ని పాటలు పాడి ఏం సాధించారు?

జీతం బకాయిపడి, క్వార్టర్ ఖాళీ చేయాలనే భయంతో బతికిన కార్మికుడు ఇలా అంటే నేను ఎదురు చెప్పను. అతని నోట అది ఆవేదన. కానీ మైకులముందు కూర్చునే పెద్దలు దీన్ని సిద్ధాంతం చేస్తున్నారు. నా పేచీ వాళ్లతో.

1. సైన్యానికి పెట్టిన పరీక్ష

పద్యం నిజాంను దించిందని అన్నదెవరు? జయంతి సభల వక్తలు. కవి అక్షరానికి సింహాసనం గడగడలాడిందని, కలం పోటుకు రాజ్యం కూలిందని ఏళ్ల తరబడి ఊదరగొట్టారు. ఇవాళ్టి వెటకారం ఆ పొగడ్తకు పుట్టిన బిడ్డే. పొగిడినవాడూ వెక్కిరించినవాడూ ఒకే తప్పు చేశారు: సైన్యం చేయాల్సిన పనిని పద్యానికి అప్పజెప్పి, ఒకడు చేసిందన్నాడు, ఇంకొకడు చేయలేదన్నాడు. చెరుకు బండ్లు తూచే కాంటా మీద పుస్తెలతాడు పెట్టి, ముల్లు కదల్లేదు కాబట్టి ఇందులో బంగారం లేదన్నట్టుంది యవ్వారం.

సరే, ఆ పరీక్షే పెడదాం. దానికి నిలబడేదెవరు? ఆంధ్ర మహాసభ తీర్మానాలు నిజాంను దించాయా? లేదు. స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం దించిందా? లేదు. సాయుధ పోరాటం? సైన్యం వచ్చాక కూడా 1951 దాకా సాగి, విరమణతో ముగిసింది. ఈ లెక్కన తెలంగాణ చరిత్రలో పనికొచ్చినవి సెప్టెంబర్ నెలలో ఐదు రోజులు, కొన్ని ట్యాంకులు మాత్రమే. అలా ఎవరూ అనరు. తీర్మానం, సత్యాగ్రహం, తుపాకీ కలిసి ఒక వాతావరణాన్ని తయారు చేశాయని ఒప్పుకుంటారు. పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం, నువ్వొక్కదానివే ఏం కూల్చావో చూపించు అంటారు.

జర్మనీలోనూ ఇంతే. గేయార్గ్ ఎల్సర్ అనే వడ్రంగి 1939 నవంబర్ 8న మ్యూనిక్ బీరు హాల్లో స్తంభం తొలిచి బాంబు పెట్టాడు. అది పేలడానికి 13 నిమిషాల ముందే హిట్లర్ వెళ్లిపోయాడు. 1944 జూలై 20న స్టాఫెన్‌బెర్గ్ పెట్టిన బాంబు పేలింది, హిట్లర్ బతికాడు. కరపత్రాలు పంచిన హాన్స్, సోఫీ షోల్‌లను 1943 ఫిబ్రవరి 22న తలలు నరికి చంపారు. వీళ్లెవరూ హిట్లర్‌ను దించలేదు. బాంబుల వల్ల ఏమీ కాదు, కరపత్రాల వల్ల ఏమీ కాదు అని ఎవరైనా సిద్ధాంతం రాశారా? బాంబు పేలి గురి తప్పినా అది ప్రతిఘటనే. బొమ్మ గురి తగిలినా అది ఊరటేనట.

2. నవ్విన దేశమే ఓటేసిందా?

బెర్లిన్ కాబరేల జోకు వెనక ఒక అబద్ధం దాక్కుని ఉంది. జనం బొమ్మలు చూసి నవ్వి, పోయి హిట్లర్‌కు ఓటేశారని వినేవాళ్లకు అర్థమవుతుంది. లెక్కలు చూడండి. 1932 జూలై ఎన్నికల్లో నాజీలకు 37.3 శాతం ఓట్లు వచ్చాయి. నవంబర్‌లో 33.1కి దిగాయి. అంటే అధికారం చేతికొచ్చే ముందు జరిగిన ఎన్నికల్లో వాళ్లు తగ్గారు. కమ్యూనిస్టులను జైళ్లలో కుక్కి, వీధుల్లో కొట్టి జరిపిన 1933 మార్చి ఎన్నికల్లో కూడా 43.9 దగ్గరే ఆగారు. సగం ఎప్పుడూ దాటలేదు. హిట్లర్‌ను జనవరి 30న కుర్చీలో కూర్చోబెట్టింది ఓటరు కాదు, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్, అతని చుట్టూ చేరిన పెద్దమనుషులు.

ఇప్పుడు హార్ట్‌ఫీల్డ్ 1932 అక్టోబర్‌లో ఏఐజెడ్ అనే కార్మికుల సచిత్ర వారపత్రిక ముఖచిత్రంగా వేసిన బొమ్మను దగ్గరగా చూడండి. హిట్లర్ తనదైన పద్ధతిలో మోచెయ్యి మడిచి, అరచెయ్యి వెనక్కి వంచి సెల్యూట్ చేస్తున్నాడు. అతని వెనక, తల ఫ్రేములో పట్టనంత భారీ మనిషి, కోటూ బొజ్జా మాత్రమే కనపడతాయి, ఆ వంగిన అరచేతిలో నోట్లు పెడుతున్నాడు. హిట్లర్ ఆ మనిషి ముందు చీమంత. నా వెనక లక్షలున్నాయని అతను కొట్టుకునే డప్పుకు చిత్రకారుడిచ్చిన అర్థం అది. రెండున్నర నెలలు గడిచాయి. 1933 జనవరి 4న హిట్లర్, మాజీ ఛాన్సలర్ పాపెన్ రహస్యంగా కలుసుకుని బేరం మొదలుపెట్టారు. ఎక్కడ? కొలోన్‌లో, కుర్ట్ ఫాన్ ష్రోడర్ అనే బ్యాంకరు ఇంట్లో. ఫిబ్రవరి 20న పారిశ్రామికవేత్తలను పిలిపించుకుని ఎన్నికల ఖర్చుకు 30 లక్షల మార్కులు ఒప్పించుకున్నారు.

బొమ్మ జోస్యం చెప్పిందని కాదు. ఆ రోజుల్లో రాజకీయ పండితులు హిట్లర్‌ను పిచ్చివాడిగానో, కోపమొచ్చిన బీదాబిక్కీకి గొంతుగానో చూస్తుంటే, ఈ మనిషి అతని అరచెయ్యి చూశాడు. చూడమని వారపత్రిక కొనే కార్మికులకు చూపించాడు. హిట్లర్‌కు తలుపు తీసింది ఆ పత్రిక కొన్నవాళ్లు కాదు. బొమ్మలో బొజ్జ మాత్రమే కనపడినవాళ్లు. అడ్డుకోలేదని చిత్రకారుణ్ణి నిలదీసేవాళ్లు, ఆ బ్యాంకరు పేరు కూడా తెలుసుకోరు. నాకు అసలు కోపం తెప్పించేది ఇదే. ఫలానా దుర్మార్గాన్ని కళ ఆపలేదని చెప్పిన ప్రతిసారీ, ఆపగలిగి ఆపనివాళ్ల పేర్లు పక్కకు తప్పుకుంటాయి.

3. పాలకుడి లెక్క వేరు

కళ వల్ల ఏమీ కాదని ససేమిరా నమ్మనివాళ్లు ఒకరున్నారు. వాళ్లు పాలకులు.

1947, 48 నాటి మాట. దాశరథి కృష్ణమాచార్య ఇందూరు (నిజామాబాద్) ఖిల్లా జైల్లో ఖైదీ, వయసు ఇరవై రెండు. కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో గోడమీద పద్యం రాశాడు. ఆలా హజ్రత్ అని ఒంగి దండం పెట్టాల్సిన రాజును, ఆ రాజు గోడమీదే, పిశాచమని నిలదీసిన పద్యం. గోడకు సున్నం కొట్టడానికి ఎంతసేపు? అందుకని తోటి ఖైదీల నోళ్లే ఆ పద్యానికి ప్రెస్సయ్యాయి. వాళ్లలో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నాడు. వంటపని చేసి, హోటల్లో సర్వర్‌గా బతికి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల మూట మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మినవాడు. అక్షరాన్ని మనిషి దగ్గరికి నడిపించుకెళ్లడం అతని వృత్తి. జైల్లో ఉన్నా ఆ పని ఆగలేదు. 1949లో అచ్చయిన అగ్నిధారను దాశరథి ఆయనకే అంకితమిచ్చాడు.

దాంతో ఏం మారిందంటారా? నిజాం రాజ్యానికి తుపాకులు తక్కువై కాదు, మాటకు అనుమతి పెట్టింది. గస్తీ నిషాన్ 53 అనే హుకుం అమల్లో ఉండగా సభ పెట్టాలంటే సర్కారు ఇజాజత్ కావాలి. ప్రతి గొంతూ అడిగి మాట్లాడాల్సిన చోట, అడక్కుండా మాట్లాడిన పద్యం ఖైదీ నుంచి ఖైదీకి పోతే, ఆ గదిలో రాజ్యం హుకుం చెల్లలేదన్నమాట. గది చిన్నది కావచ్చు. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను వరసగా నిలబెట్టాడు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న కూతకు జవాబది. ఆ సంచిక ఒక్క గడీ తలుపు కూడా విరగ్గొట్టలేదు. కానీ జనం తమను తాము ఏమీ లేనివాళ్లమని అనుకోవడం ఆగకుండా, ఏ గడీ తలుపూ విరగదు.

జర్మనీలో పాలకుల లెక్క ఇంకా స్పష్టం. కోల్విట్జ్ నేతకార్మికుల మీద వేసిన ఆరు అచ్చుబొమ్మల వరసకు 1898లో బెర్లిన్ ప్రదర్శన న్యాయనిర్ణేతలు బంగారు పతకం సిఫారసు చేస్తే, కైజర్ రెండో విల్‌హెల్మ్ పట్టుబట్టి ఇవ్వనివ్వలేదు. ఆకలి, ఊరేగింపు, చివరి బొమ్మలో మగ్గం పక్కన నేలమీద పరిచిన శవాలు. 1844లో సైలీషియాలో జరిగిన తిరుగుబాటు అది, అప్పటికే యాభై ఏళ్ల పాత కథ. యాభై ఏళ్ల కిందటి శవాలను చూసి చక్రవర్తి ఎందుకు ఉలిక్కిపడాలి? 1933 ఏప్రిల్‌లో ఎస్‌ఎస్ మూక హార్ట్‌ఫీల్డ్ ఇంట్లో దూరింది. బాల్కనీలోంచి దూకి దాక్కుని, కొండలమీదుగా నడిచి ప్రాగ్ చేరాడు. ఏడాది తిరక్కుండా ప్రాగ్‌లో జరిగిన కార్టూన్ ప్రదర్శనలో అతని బొమ్మలు తీసేయాలని జర్మనీ రాయబారి పరాయి దేశపు సర్కారు మీద ఒత్తిడి తెచ్చాడు. కొన్నింటిని తీసేయించగలిగాడు కూడా. తీసేసిన ఖాళీల మీద అతను ఇంకో బొమ్మ చేశాడు. కత్తెర, జిగురు పట్టుకున్న ఒక్క మనిషి కోసం దౌత్య కార్యాలయం పనిచేయాల్సి వచ్చింది. మన దగ్గరకొస్తే, నిజామాబాద్ జిల్లాలో చదువుకున్న పాటగాడు గద్దర్ మీద 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది, 2023లో చనిపోయేదాకా. ఊరటనిచ్చే పాటగాడి మీద ఎవరూ తూటా ఖర్చు పెట్టరు.

దీనికి తెలివైన అడ్డుమాట ఒకటుంది. పాలకుడు అనుమానప్పక్షి, వాడు నిషేధించిందల్లా గొప్పదవుతుందా? కాదు. ఎమిల్ నోల్డే ఉదాహరణ చాలు. నాజీ పార్టీ సభ్యుడు, యూదుల మీద విషం కక్కినవాడు. అయినా అతని శైలి హిట్లర్‌కు నచ్చక వెయ్యికి పైగా చిత్రాలను మ్యూజియంల నుంచి పీకేశారు. 1937 జూలైలో మ్యూనిక్‌లో పెట్టిన భ్రష్ట కళ ప్రదర్శనలో అతని బొమ్మలు పదుల సంఖ్యలో వేలాడాయి. యుద్ధం తర్వాత నోల్డేను పీడితుడిగా, వీరుడిగా చాలాకాలం చలామణీ చేశారు. అది తప్పు. నిషేధం ఎవరికీ సర్టిఫికెట్ కాదు. అది చెప్పేది నిషేధించినవాడి గురించి: లాఠీ చేతిలో ఉన్నా, జనం ఏం చూడాలో ఏం అనాలో తన గుప్పిట్లో లేకపోతే వాడికి నిద్రపట్టదు. ఆ గుప్పిట తెరిపించడమే ప్రతిఘటన అంటున్నాను. పటం పట్టుకుని సైన్యాన్ని నడిపించడం గురించి నేను మాట్లాడటం లేదు.

పైగా ఫలితం ఆ దేశంలోనే, ఆ ఏడాదే కనపడాలన్న నియమమేమిటో! కోల్విట్జ్ బొమ్మలు జర్మనీలో మూలపడేసిన కాలంలోనే చైనా రచయిత లూ షున్ వాటిని తన దేశంలో అచ్చువేశాడు. అంతకుముందే, శిష్యుడు రో షిని కాల్చి చంపితే 1931లో సంతాపంగా ఒక పత్రికలో ఆమె బొమ్మే వేశాడు. చైనా చెక్క అచ్చుల ఉద్యమం అక్కడి నుంచి ఊపందుకుంది. ఆమె బొమ్మలనుంచీ, చైనా చెక్క అచ్చులనుంచీ బెంగాల్‌లో సోమనాథ్ హోర్ వంటివాళ్లు నేర్చుకున్నారు. 1943 కరువు మీద చిత్తప్రసాద్ తెచ్చిన హంగ్రీ బెంగాల్ ప్రతులను బ్రిటిష్ వాళ్లు పట్టుకుని తగలబెట్టారు. సైలీషియా సాలెవాడి ఆకలి మేదినీపూర్ రైతు ఆకలిని గీయడం నేర్పింది. ఈ ప్రయాణాన్ని ఐదు రోజుల సైనిక చర్య పక్కన పెట్టి కొలిచేవాళ్లకు ఏం చెప్పాలి?

4. విగ్రహం పెట్టారు కాబట్టి చచ్చిపోయిందా?

పాలకులు కవిని మింగేస్తారన్నది నిజం. జర్మనీ ఏకమయ్యాక, 1993లో ఛాన్సలర్ హెల్ముట్ కోల్ బెర్లిన్‌లోని నోయె వాఖె స్మారకంలో కోల్విట్జ్ శిల్పాన్ని పెద్దది చేయించి పెట్టాడు. చనిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకున్న తల్లి బొమ్మ అది. యుద్ధంలో, నియంతృత్వంలో చనిపోయిన అందరికీ ఒకే స్మారకమన్నారు. చంపినవాడూ చచ్చినవాడూ ఒకే ఒళ్లోనా అని జర్మన్లే నిలదీశారు. మన దగ్గర గద్దర్ పేరు ఇప్పుడు సర్కారు సినిమా అవార్డులకు ఉంది. వెన్నులో తూటా మోసినవాడి పేరుమీద ఉత్తమ నటుడికి బహుమతి! ఇంతకన్నా ఎగతాళి నేను కల్పించలేను.

కానీ మింగినంత మాత్రాన అరుగుతుందా? దాశరథి కథే చూడండి. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన్ను ఆస్థానకవిని చేసింది. విమర్శకులకు ఇంతకన్నా ఏం కావాలి, బొగ్గు పట్టిన చేతికి ఆస్థానం శాలువా. 1983లో ఆ పదవే రద్దయింది. 1987లో ఆయన పోయాడు. ఆ తర్వాత ఏం జరిగింది? తెలంగాణను వీణతో పోల్చిన ఆయన పాదం గోడలకెక్కింది, బస్సుల వెనకాలకెక్కింది, ఊరేగింపుల్లో గొంతులకెక్కింది. ఎవరి మీద? ఆయనకు శాలువా కప్పిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మీద! ఆ రాష్ట్రాన్ని రెండు చేసే ఉద్యమానికే ఆయన మాట నినాదమైంది. కవి రాజీపడ్డాడా లేదా అన్నది వేరే చర్చ, జీవితచరిత్రకారులు చూసుకుంటారు. గోడమీద పుట్టిన మాట ఎవరి ఆస్థానంలోనూ ఉండిపోలేదు.

ఇంకో సాక్ష్యం. ఉద్యమమంతా జనం నిలబడి పాడిన అందెశ్రీ గీతం ‘జయజయహే తెలంగాణ’ రాష్ట్రం వచ్చాక పదేళ్లదాకా రాష్ట్రగీతం కాలేదు, 2024లో గానీ అయింది. పాటకు బలమే లేకపోతే, దాన్ని పదేళ్లు పక్కన కూర్చోబెట్టాల్సిన అవసరం ఎవరికి ఎందుకొచ్చింది?

5. ఇక బోధన్

ఇక్కడే వాళ్లు గెలిచామనుకుంటారు.

ముందు పక్కవాదం ఒకటి తేల్చేద్దాం. నిజాం కట్టాడు, మనవాళ్లు అమ్మారు, ఇక కవులు ఎవరి మీద కోపం పెంచుకోవాలి అని బోధన్ పెద్దలు అడుగుతారు. కట్టింది నిజమే. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది, ఆ కాలువ కింద చెరుకు పండింది, 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకున్నారు. సొంత ఫారాలు, శక్కర్‌నగర్ కాలనీ, సీజన్‌లో రాత్రంతా బండ్ల బారు, మొలాసిస్ వాసన. అదే 1937లో ఇదే నిజామాబాద్‌లో ఆంధ్ర మహాసభ జరిగింది, మందుముల నరసింగరావు అధ్యక్షుడు. అనుమతుల రాజ్యంలో తెలుగులో మాట్లాడే హక్కు అడుక్కునే సభ అది. ఫ్యాక్టరీ కట్టినవాడూ నోరు నొక్కినవాడూ ఒకడే. మంచి రోడ్లు వేశాడు కాబట్టి హిట్లర్‌ను తిట్టొద్దనేవాళ్లు జర్మనీలోనూ ఉండేవాళ్లు.

అసలు సంగతి 2002తో మొదలవుతుంది. ఆ ఏడాది రెండు జరిగాయి. ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, సర్కారుకు 49 మిగిలింది. అదే ఏడాది అప్పటి నిజామాబాద్ జిల్లాలోని కామారెడ్డిలో మొదటి ధూంధాం జరిగింది. కళాకారులు గోచీ, గొంగడి, డప్పుతో వేదికెక్కి పాడిన ఆ పద్ధతి తర్వాత పన్నెండేళ్లు తెలంగాణ అంతా తిరిగింది. నీళ్లు, ఉద్యోగాలు, అమ్ముడుపోయిన ఫ్యాక్టరీలు అన్నీ ఆ వేదికల మీద జమా ఖర్చు అడిగాయి. ఒక ఉద్యమం తన ఫిర్యాదుల చిట్టాను చదువురానివాడి నోటికి కూడా అందించింది ఆ పాటతోనే. రాష్ట్రం పాటతో మాత్రమే రాలేదు. కానీ ఆ పాట తీసేసి ఆ ఉద్యమాన్ని ఊహించండి, ఢిల్లీలో నాలుగు వినతిపత్రాలు మిగులుతాయి.

2014లో రాష్ట్రం వచ్చింది. అధికారంలోకొస్తే వంద రోజుల్లో ఫ్యాక్టరీని సర్కారు పరం చేస్తామన్న హామీ బోధన్ జనానికి కంఠోపాఠం. అదే సమయంలో తెలంగాణ సాంస్కృతిక సారథి ఏర్పడింది. 550 మంది కళాకారులకు నెలజీతపు ఉద్యోగాలు వచ్చాయి. నేను దాన్ని తప్పుపట్టను. కాలికి గజ్జె కట్టి, ఇల్లు గుల్ల చేసుకుని తిరిగినవాళ్లకు జీతం దక్కడం న్యాయం. కానీ సారథి పని ఏమిటి? పథకాల ప్రచారం. చెట్లు నాటమని, నల్లా నీళ్లొచ్చాయని పాడటం. 2015 డిసెంబర్‌లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి తాళం పడింది. మెట్‌పల్లి, మెదక్ యూనిట్లదీ అదే గతి. ఏ గొంతు పన్నెండేళ్లు జవాబులు అడిగిందో, ఆ గొంతులో ఎక్కువభాగం ఆ రోజుకు సర్కారు హాజరుపట్టీలో ఉంది. జీతమిచ్చే యజమాని మీద వేదికెక్కి పాడటానికి ఏ ఉద్యోగి నియమావళిలో వీలుంటుంది?

1933 సెప్టెంబర్‌లో గోబెల్స్ రైఖ్ సంస్కృతి మండలి పెట్టాడు. సభ్యత్వం లేనివాడు బొమ్మ అమ్మకూడదు, నాటకం ఆడకూడదు, పాట కచేరీ పెట్టకూడదు. మన సారథి అది కాదు. ఇక్కడ బలవంతం లేదు, జైలు లేదు, రెండింటినీ ఒకటనేవాడు జర్మనీలో చచ్చినవాళ్లను అవమానిస్తున్నాడు. కానీ ప్రతి పాలకుడికీ తెలిసిన ఒక విషయాన్ని రెండూ చూపిస్తాయి: గొంతు నొక్కడం ఖరీదు, గొంతును కొలువులో పెట్టుకోవడం చవక.

అందుకే బోధన్‌ను సాక్ష్యంగా తెచ్చేవాళ్లు నా సాక్షినే బోనెక్కిస్తున్నారు. పాట పాడారు, ఫ్యాక్టరీ మూతపడింది అంటారు. జరిగింది అది కాదు. పాట ఉన్నంతకాలం ఏ సర్కారూ పూర్తిగా తాళం వేసే సాహసం చేయలేదు. 2002లో ప్రైవేటు చేశాక కూడా క్రషింగ్ ఏడాది తర్వాత ఏడాది సాగుతూనే వచ్చింది, అసెంబ్లీ సభాసంఘాన్ని వేయాల్సి వచ్చింది. ఇందులో పాట వాటా ఎంత, యూనియన్ల వాటా ఎంత, చెరుకు ధర వాటా ఎంత అని నేను లెక్కగట్టలేను, ఎవరూ గట్టలేరు. కానీ పాటను జీతానికి పిలుచుకున్న తర్వాతే తాళం పడిందన్న వరస కాదనలేనిది. ఫ్యాక్టరీని మూసింది పాట చేతకానితనం కాదు. లెడ్జర్లు, అప్పులు, ఒప్పందాలు, సంతకాలు మూశాయి. 2017కల్లా వ్యవహారం దివాలా ట్రిబ్యునల్ గుమ్మం తొక్కింది. ఆ సంతకాలు చేసిన చేతుల మీదికి మన చూపు పోకుండా, పాటను దోషిగా నిలబెట్టారు. హార్ట్‌ఫీల్డ్ ఉంటే ఆ హామీ ఇచ్చిన అరచేతిని ఇంకాస్త దగ్గరనుంచి చూడమనేవాడు.

జీతం పుచ్చుకోని గొంతులు ఏం చేయగలవో ఇదే జిల్లా చూపించింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నిజామాబాద్ నుంచి నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 185. వాళ్లలో ఎవరూ గెలవాలని వేయలేదు. క్వింటాలు పసుపుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయల ధర, పసుపు బోర్డు కావాలని అడిగారు. ధర్నా చేస్తే ఎవరూ చూడలేదని, బ్యాలెట్‌నే ప్రదర్శనశాల చేశారు. ఎన్నికల సంఘం పోలింగ్ కేంద్రానికి పన్నెండేసి ఓటింగ్ యంత్రాలు తెచ్చి బల్లలమీద వరసగా పేర్చాల్సి వచ్చింది. ఓటరు లోపలికి పోగానే కనపడింది ఆ వరస: బారెడు పొడవునా రైతుల పేర్లు. ఫొటో మీద ఫొటో అతికించి పాలకుడి నిజరూపం చూపించే పద్ధతికీ దీనికీ నాకు తేడా కనపడదు. సర్కారు సొంత సామగ్రితోనే సర్కారును నవ్వులపాలు చేశారు. దేశమంతా ఆ యంత్రాల వరసను చూసింది. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ఆరేళ్లు పట్టింది, మధ్యలో రాజకీయాలు చాలా నడిచాయి, ఎవరికి వాళ్లు మేమే తెచ్చామన్నారు. కానీ బోర్డు అన్న మాటను తప్పించుకోలేనిదిగా చేసింది ఆ పేర్ల వరసే.

దీన్ని కళ అంటారా అని సాహిత్య పెద్దలు ముక్కు చిట్లిస్తారు. అనకపోతే పోనీ. గోడమీద బొగ్గుగీతను కూడా ఆ రోజు ఎవరూ సాహిత్యమనలేదు, జైలు నిబంధనల ఉల్లంఘన అన్నారు.

బోర్డు వచ్చింది, ధర రాలేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో పసుపు ఇప్పటికీ లేదు. శక్కర్‌నగర్ తెరిపించడానికి 2024లో వేసిన మంత్రుల కమిటీ సంగతి బోధన్ రైతులు ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఈ రెండు బాకీలు వసూలయ్యేదాకా పాడేవాళ్లు, గీసేవాళ్లు, నామినేషన్లు వేసేవాళ్లు కావాలి. వాళ్లు ఎవరి జీతపు పట్టీలోనూ ఉండకూడదు. కళ వల్ల ఏమవుతుందని అడిగే పెద్దలు ఆ ప్రశ్నను ముందు 49 శాతం వాటా చేతిలో పెట్టుకుని తాళం పడేదాకా చూస్తూ కూర్చున్నవాళ్లను అడగాలి.